క్రీజు వదిలిన దొర

మా అల్లుడికి క్రికెట్ పిచ్చి. ఆడే పిచ్చి కాదు, అంకెల పిచ్చి. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఎన్ని కొట్టారో ఫోన్‌లో వెతికి చెబుతూ ఉంటాడు. కిందటి నెల వచ్చినప్పుడు, భోజనాలయ్యాక, ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ కుర్రాళ్ళు ఎప్పుడో ఆడిన మ్యాచ్‌లు కూడా ఇందులో ఉన్నాయి మామయ్యగారూ అన్నాడు. అనుకోకుండా నా నోట ఒక పేరు వచ్చింది. పాతికేళ్ళ పైగా ఆ పేరు పలకలేదు నేను. అల్లుడు టైపు చేశాడు, పేజీ వచ్చింది. పుట్టిన ఊరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయి రెండేళ్ళయింది. కింద ఒక్కటే వరుస. ఐదు మ్యాచ్‌లు, తొమ్మిది ఇన్నింగ్స్, అన్నీ ఒకే వేసవిలో. ఎక్కువలో ఎక్కువ కొట్టింది ఇరవై రెండు.

ఈయన మీకెలా తెలుసు అన్నాడు అల్లుడు. ఖతార్‌లో మా పైఅధికారి అన్నాను. మంచాయనేనా అన్నాడు. నేను లేచి వెళ్ళి, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాను.

పోయినవాడి గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు ఏరుకుని మొదలుపెట్టడం మర్యాద. నేనూ నెల రోజులుగా ఏరుతున్నాను. ఒకటిన్నర దొరికాయి. ఒకటి, ఆయన కవర్ డ్రైవ్ కొడితే చూడముచ్చటగా ఉండేది. అర, ఎవరిమీదా చెయ్యెత్తలేదు. అర అని ఎందుకంటున్నానంటే, చెయ్యెత్తాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. ఇక పేరు రాయను. పేరు ఆ పేజీలో భద్రంగా ఉంది. సైటులో మేమంతా దొర అనేవాళ్ళం, ఇక్కడా దొర అనే అంటాను.

తొంభైల మొదట్లో నేను దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాకినాడలో డిప్లొమా చదివి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక విల్లాలో గదికి నలుగురం చొప్పున సర్దుకుని, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అల్ రయ్యాన్ పోయేవాణ్ణి. అక్కడ వరసగా పన్నెండు విల్లాలు కడుతున్నాం. సైటాఫీసు ఒక రేకుల క్యాబిను. అందులో సగం దొరది, సగం మా అందరిదీ. పనులన్నిటి మీదా మేనేజర్ దొర. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఎర్రగా, పొడుగ్గా, మోకాళ్ళదాకా సాక్సులు వేసుకుని ఉండేవాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి డ్రాయింగ్ చూసేవాడు. చూస్తూ చూస్తూ నా చేతిలోని పెన్సిల్ తీసుకుని చెవిలో పెట్టి తిప్పేవాడు. తిప్పడం అయ్యాక ఆ కొసను కళ్ళ దగ్గర పెట్టుకుని ఒకసారి పరీక్షించి, పెన్సిల్ నా చేతికి ఇచ్చి, థాంక్యూ అనేవాడు. ఆ థాంక్యూ మాత్రం ఏనాడూ మరిచిపోలేదు. ఆయన చెవికోసమని బల్ల మీద ఒక పెన్సిల్ విడిగా పెట్టి చూశాను. దాన్ని ముట్టుకునేవాడు కాదు. నా చేతిలో ఉన్నదే కావాలి. నేను దాన్ని టిష్యూతో తుడుచుకుని మళ్ళీ గీతలు గీసేవాణ్ణి. వద్దండీ అనే మాట నాకు రాలేదు. ఆ మాట రాకపోవడం గురించే ఇదంతా, అది తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం శాండ్‌విచ్ సగం కొరికి, పంటి గాట్లున్న మిగతా సగాన్ని కాగితంలో చుట్టి, ఆఫీసులో టీ ఇచ్చే కేరళ పెద్దాయన్ని పిలిచి ఇచ్చేవాడు. ఆహారం వృథా చేయకూడదని రోజూ ఒక ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు. పెద్దాయన రెండు చేతులా తీసుకుని, క్యాబిను వెనక్కి పోయి పిల్లులకు వేసేవాడు. పాపం దొర, తన చేతి మీదుగా ఒక పేదవాడు బతుకుతున్నాడని అనుకునేవాడు. బతుకుతున్నవి నిజానికి రయ్యాన్ పిల్లులు.

ఇక ఆయన టోపీ. హెల్మెట్లు తగిలించే మేకుల్లో చివరి మేకుకు యూనివర్సిటీ టోపీ వేలాడేది. ఒకప్పుడు ముదురు నీలం అయ్యుంటుంది. ముప్ఫై ఏళ్ళ చెమట తాగి అది గట్టిపడిపోయింది. ఉతికితే అదృష్టం పోతుందట. ఏసీ ఆగిన రోజున క్యాబినంతా ఆ టోపీ వాసనే. దాని మీద చెయ్యి వేసినందుకు ఒక డ్రైవర్‌ని వారం రోజులు ఎండలో నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబెట్టాడు. పర్సులో ప్లాస్టిక్ తొడుగు వేసిన పత్రిక ముక్క ఒకటి ఉండేది. కొత్తగా ఎవరొచ్చినా తీసి చూపించేవాడు. అందులో రెండు జట్ల పేర్లున్నాయి, ఆయన పేరు ఆరోది. స్కోర్లు మొదలయ్యే చోట కాగితం చిరిగిపోయి ఉంటుంది. పాపం, సరిగ్గా అక్కడే.

క్రికెట్ గురించి ఆయన చెప్పే కథ ఒకటే. నేను నలభై సార్లయినా విని ఉంటాను. టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు, స్కేలు బ్యాటులా పట్టుకుని, క్యాబిను మధ్య నిలబడి. యూనివర్సిటీ తరఫున ఒక పెద్ద జట్టు మీద ఆడుతున్నాడు. బాగా కుదురుకున్నాడు. బంతి బ్యాటు అంచుకు తగిలీ తగలనట్టు తగిలి కీపర్ చేతిలో పడింది. ఎవరికీ వినపడలేదు. అంపైర్ నాట్ అవుట్ అన్నాడు. దొర మాత్రం బ్యాటు చంకలో పెట్టుకుని, తనంతట తాను నడిచి వెళ్ళిపోయాడు. మనం ఔటయ్యామని మనకు తెలిస్తే అంపైర్ వేలెత్తేదాకా ఆగకుండా వెళ్ళిపోవడాన్ని వాళ్ళు నడవడం అంటారు. అదొక పెద్ద మర్యాద వాళ్ళకి. ఆరోజు నడవకపోతే సెంచరీ కొట్టేవాడట, ఏదో పెద్ద జట్టు తీసుకునేదట, జీవితం వేరేగా ఉండేదట. అవుటైన సంగతి అందరికంటే ముందు బ్యాటు పట్టుకున్నవాడికే తెలుస్తుంది, ఇంక ఇంకొకరితో పనేముంది అనేవాడు చివర్లో. ఆ మాట అన్నాక కళ్ళు చెమ్మగిల్లేవి. రుమాలు తీసి కళ్ళు తుడుచుకుని, అదే రుమాలు మీద ఉమ్మేసి బూట్లు తుడుచుకునేవాడు.

కథలో స్కోరు మాత్రం పెరుగుతూ ఉండేది. నేను చేరిన కొత్తలో నలభై దగ్గర నడిచాడు. మరుసటి ఏడాదికి యాభై ఎనిమిది దగ్గర నడిచాడు. మేం చాటున పందాలు వేసుకునేవాళ్ళం, ఈసారి ఎంత దగ్గర నడుస్తాడని. కానీ నడిచాడన్నది మాత్రం అందరం నమ్మాం. నేనైతే గాఢంగా నమ్మాను. ఇంటికి రాసిన ఉత్తరంలో కూడా ఆ సంగతి రాశాను, ఇక్కడ మా దొర ఇలాంటివాడు అని. మొన్న అల్లుడి చేత ఆ తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కొక్కటే తెరిపించాను. ఐదుసార్లు బౌల్డ్, మూడుసార్లు ఎల్బీడబ్ల్యూ, ఒకసారి రనౌట్. కీపర్ క్యాచ్ ఒక్కటి లేదు. ఆ వేసవంతా ఆయన ఎక్కడికీ నడవలేదు. వికెట్లు పడగొట్టి, వేలెత్తి, పంపించారు.

శుక్రవారం సెలవు. ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు వెనక ఇసక నేల చదును చేసి, మధ్యలో సిమెంటు పట్టీ పోసి, దాని మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచేవాళ్ళం. చుట్టూ ఖాళీ పెయింటు డ్రమ్ములు పెడితే అదే బౌండరీ. హైదరాబాదీ ఎలక్ట్రీషియన్లు, పాకిస్తానీ డ్రైవర్లు, కీపింగ్ చేసే సిలోన్ స్టోర్‌కీపరు, మధ్యలో టోపీ పెట్టుకుని దొర. నాకు ఆట రాదు, రూల్సు వచ్చు, అందుకని అంపైర్‌ని చేశారు.

ఆ మైదానంలో దొర కళ్ళు పడ్డవాడు లచ్చయ్య. జగిత్యాల వైపువాడు, హెల్పరు. పాతికేళ్ళుంటాయి. వాడికి బ్యాటింగూ బౌలింగూ ఏమీ రావు, కానీ బౌండరీ దగ్గర నుంచి బంతి విసిరితే తిన్నగా వికెట్ల మీద పడేది. పరిగెత్తితే ఇసక లేచేది. ఇంగ్లండులో పుట్టి ఉంటేనా అనేవాడు దొర. లచ్చయ్యను ఖతార్ తీసుకొచ్చింది వాడి బావ గంగారాం. కంపెనీ కాగితాల్లో షట్టరింగ్ కార్పెంటర్, మన భాషలో సెంట్రింగ్ మేస్త్రీ. గంగారాంకి క్రికెట్ అంటే ఏమిటో తెలియదు. డ్రమ్ము మీద కూర్చుని బామ్మర్దిని చూస్తూ బీడీ కాల్చేవాడు. అత్తకు మాటిచ్చి తెచ్చిన సారూ, వీన్ని ఎట్ల తెచ్చిన్నో అట్ల తోలియ్యాలె అని నాతో ఒకసారి అన్నాడు.

సైటులో పని నడిచే తీరు ఒకటి చెప్పాలి. దొర మాట రాతలో ఉండదు. ఇంగ్లీషులో నోటితో చెబుతాడు. మలయాళీ పనివాళ్ళకు మలయాళీ ఇంజనీరు, పఠాన్లకు పాకిస్తానీ ఫోర్‌మన్ ఆ మాట వాళ్ళ భాషలో అందిస్తారు. తెలుగువాళ్ళకు అందించేవాణ్ణి నేను. డ్రాఫ్ట్స్‌మన్‌కి ఇది డ్యూటీ కాదు. అయినా దొర పిలిచి, వీడికి చెప్పు అంటే చెప్పడం అలవాటైపోయింది. కొంత గర్వంగా కూడా ఉండేదని ఒప్పుకుంటాను.

ఆగస్టు నెల. ఒక గురువారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, దొర నన్ను తొమ్మిదో విల్లాకు తీసుకెళ్ళాడు. దాని పోర్టికో స్లాబు పోసి అయిదు రోజులైంది. ఇంటి గోడ దగ్గర పట్టు తప్ప ముందువైపు కింద స్తంభాలు లేవు, గాల్లోకి పొడుచుకుని ఉంటుంది. కింద వరసగా ఇనుప జాకీలు ఆనించి ఉన్నాయి. శనివారం పదకొండో విల్లాలో కాంక్రీటు. అక్కడికి జాకీలు చాల్లేదు. కొత్తవి అద్దెకు తెప్పించడానికి హెడ్డాఫీసుకు ఫోన్ చేయాలి, ఎందుకు ముందే చూసుకోలేదని వాళ్ళు అడుగుతారు. దొర ఆ జాకీల వైపు స్కేలు చూపించి, ఇవన్నీ ఈరోజే తీసి అక్కడికి తరలించమని వీడికి చెప్పు అన్నాడు.

గంగారాంకి నేను చెప్పే లోపే అర్థమైంది. అయిదు వేళ్ళు చాపి దొరకు చూపించి, నహీ సాబ్, కచ్చా హై అన్నాడు. దొర నవ్వి, యల్లా యల్లా, అంటే కానీ కానీ, అన్నాడు. గంగారాం నా వైపు తిరిగాడు.

"సారూ, ఇది లోపటి స్లాబు లెక్క కాదు. ముందలికి గాల్ల ఉన్నది. అయిదొద్దులకు జాకీలు గుంజితే ఇది నిలువది. గాయనకు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

నేను చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను. అది కాంటిలీవర్ కదా సార్, ఇంకా కొన్ని రోజులు ఉంచితే మంచిదేమో అని మేస్త్రీ అంటున్నాడు అన్నాను. ఆ ఏమో ఎందుకు కలిపానో ఈనాటికీ తెలియదు. మేస్త్రీ ఏమో అనలేదు. ఈ ఎండకు అయిదు రోజులంటే పదిహేను రోజుల లెక్క అన్నాడు దొర. తీయడం ఇష్టం లేకపోతే శనివారం వచ్చి లెక్క చూసుకోవడానికి క్యాంపు ఆఫీసులో నిలబడమను అన్నాడు. అని గడియారం చూసుకుని కారెక్కాడు.

"దొర తీయమంటున్నాడు మేస్త్రీ. తీసెయ్," అన్నాను.

"మీరు గూడ గదే అంటున్నరా సారూ?" అన్నాడు గంగారాం. నేననడం కాదు, ఆయన మాట చెబుతున్నాను అన్నాను. అతను పైన స్లాబు అంచు కేసి చూసి, మనుషుల్ని పిలిచాడు. వచ్చినవాళ్ళలో లచ్చయ్య ఉన్నాడు.

గంటన్నర తర్వాత చప్పుడు వినపడింది. లారీ బోర్లా పడిందనుకున్నాం. పరిగెత్తి పోయేసరికి పోర్టికో గోడ దగ్గర విరిగి, ముందువైపు మొత్తం నేలకు వాలి ఉంది. గంగారాం చివరి జాకీలు తనే తీస్తానని మిగతావాళ్ళను దూరం పొమ్మన్నాడట. లచ్చయ్య పోలేదు, బావకు సాయంగా ఆగాడు. ఎడమ కాలు మోకాలి కింద దాకా స్లాబు అంచు కింద ఉంది. వాడు అరవలేదు. బావా, బావా అని మెల్లగా పిలుస్తున్నాడు. గంగారాం రెండు చేతులతో కాంక్రీటు ఎత్తాలని చూస్తున్నాడు. ఆ బరువు పదిమంది కూడా ఎత్తలేరు.

దొర వచ్చాడు. మొహం పాలిపోయింది, అది నిజం. ఆంబులెన్స్ పిలిపించాడు, అదీ నిజం. కానీ పక్కన నిలబడి ఉన్న నాతో ఆయన అన్న మొదటి మాట, మిగతా జాకీలు వంగలేదు కదా చూడు, శనివారం కావాలి అని. వెళ్ళి చూశాను. వంగలేదని వచ్చి చెప్పాను కూడా.

లచ్చయ్య కాలు మోకాలి దాకా తీసేశారు. మర్నాడు మ్యాచ్ జరగలేదు. మంగళవారం హెడ్డాఫీసులో విచారణ. లెబనాన్ నుంచి వచ్చిన జనరల్ మేనేజర్ బల్ల అవతల కూర్చున్నాడు. ఇవతల దొర, పక్కన నేను, తలుపు దగ్గర నిలబడి గంగారాం. ఎవరు తీయమన్నారని మేనేజర్ అడిగాడు. గంగారాం దొరను చూపించాడు. తనకు తెలిసిన హిందీలో, గోరా సాబ్ చెప్పాడు, నేను వద్దన్నాను, ఈ సార్ మా భాషలో నాకు చెప్పాడు, అడగండి అన్నాడు.

నేను దొర వైపు చూశాను. ఆయన ఖండిస్తాడనో, అరుస్తాడనో అనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. అవును అనలేదు, కాదు అనలేదు. కాలు మీద కాలు వేసుకుని, కిటికీ లోంచి బయటికి చూస్తూ, నా జవాబు కోసం ఆగాడు. నలభై సార్లు నాకు చెప్పిన కథలో ఆయన అంపైర్ కోసం ఒక్క క్షణం ఆగలేదు. ఇక్కడ తీరిగ్గా ఆగాడు. అబద్ధం ఆడినా ఇంత అసహ్యం వేసేది కాదు నాకు. ఆ పని కూడా తను చేయకుండా నాకు వదిలేశాడు.

మేనేజర్ నన్ను అడిగాడు, నువ్వక్కడున్నావా, ఆయన చెప్పడం విన్నావా అని. నా వీసా రెన్యువల్ అక్టోబరులో. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది దొర. శనివారానికి ఎన్ని జాకీలు కావాలో మాట్లాడారు సార్, ఆరోజే తీయమన్నట్టు నాకు వినపడలేదు అన్నాను. అనేసి గంగారాం వైపు చూడకుండా ఉండటానికి బల్ల మీద గ్లాసు వైపు చూశాను. అప్పుడు దొర నోరు తెరిచి, హార్డ్ లక్, మంచి పనివాడే అన్నాడు. గంగారాం వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించేయాలని పది నిమిషాల్లో తేలిపోయింది.

ఆ వచ్చే శుక్రవారం మ్యాచ్ పెట్టారు. క్యాంపులో మనుషులు దిగాలుగా ఉన్నారు, కొంచెం హుషారు రావాలని దొరే పెట్టించాడు. జనరల్ మేనేజర్‌ని, ఆయన భార్యాపిల్లల్ని పిలిచి, షామియానా వేయించి, కుర్చీలు వేయించాడు. దొర బాగానే ఆడాడు, ముందే చెప్పాను కదా కవర్ డ్రైవ్ గురించి. ఇరవై దాకా కొట్టి ఉంటాడు. అప్పుడు హైదరాబాదీ ఎలక్ట్రీషియన్ ఒక బంతి ఆఫ్ స్టంప్‌కి బయట వేశాడు. దొర బ్యాటు ఊపాడు. బ్యాటు ఆయన ప్యాడ్‌కి తగిలి టక్కుమంది. బంతి బ్యాటుకి జానెడు దూరంగా పోయి కీపర్ చేతిలో పడింది. నేను బౌలర్ వైపు, దొరకు ఎదురుగా నిలబడి ఉన్నాను. మధ్యలో ఉన్న ఖాళీ నాకు స్పష్టంగా కనిపించింది. కీపర్ అడిగాడు, నేను నాట్ అవుట్ అన్నాను. అది న్యాయమైన నాట్ అవుట్.

దొర నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. బ్యాటు చంకలో పెట్టుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, షామియానా వైపు నడిచాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత స్టోర్‌కీపరు చప్పట్లు మొదలుపెట్టాడు. ఫీల్డర్లంతా కొట్టారు. మేనేజర్ లేచి నిలబడి కొట్టాడు, పక్కనున్న భార్యకు ఏదో వివరిస్తూ కొట్టాడు. ఆ మనిషి అవుట్ కాని బంతికి అవుటై పోయాడు. తను నిజాయితీపరుణ్ణని పదిమంది ముందు నిరూపించుకోవాలి, దానికి నిజంగా అవుటయ్యే ఓపిక కూడా లేకపోయింది. ముప్ఫై ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన నడకను ఆ శుక్రవారం మా ఇసకలో మొదటిసారి నడిచాడు. నాకు మైదానం వదిలి పోవాలనిపించింది. కానీ నేను అంపైర్‌ని, కదలకూడదు. నిలబడ్డాను.

ఆట అయ్యాక దొర నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చెమట చొక్కా నుంచి నా చొక్కాకు ఎక్కుతోంది. బంతి తగల్లేదు సార్ అన్నాను. అంత మాత్రం అనగలిగాను. ఆయన నవ్వాడు. కోపం లేదు, ప్రేమగానే నవ్వాడు.

"కొన్ని వినపడకపోవడం మంచి అంపైర్ లక్షణం. మంగళవారమే నీలో అది చూశాను," అన్నాడు.

ఆదివారం నుంచి నన్ను హెడ్డాఫీసు డ్రాయింగ్ సెక్షన్‌కి మార్చారు. ఏసీ గది, తిరిగే కుర్చీ. వద్దండీ అనే మాట నాకు అప్పుడూ రాలేదు.

బుధవారం పొద్దున, నేను డ్యూటీకి తయారవుతుంటే, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో మా విల్లా గేటు దగ్గరికి గంగారాం వచ్చాడు. క్యాంపు నుంచి ఎవరి పికప్‌లోనో ఎక్కి వచ్చాడట. ఆరోజు సాయంత్రమే అతని ఫ్లైటు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. నన్ను తిడతాడనుకుని సిద్ధపడ్డాను. తిట్టలేదు.

"సారూ, మా అత్త ఏమనుకుంటున్నదో ఎరికేనా? నా అంతట నేనే గుంజి, దాని కొడుకు కాలు తీసిన్ననుకుంటున్నది. నా పెండ్లాం ఫోన్ కాడికే వస్తలేదు. దుబాయ్‌కి తోల్కపోయి ఆగం జేసిండని ఊరంత అంటున్నరట. నా మాట ఎవ్వలు నమ్మరు. మీరు సదువుకున్నోళ్ళు, మీ మాట నమ్ముతరు. ఒక కాయిదం మీద రాసియ్యుండ్రి. కంపెనోళ్ళకు చూపియ్య, ఎవ్వలకు చూపియ్య. మా అత్తకు ఒక్కదానికి సదివి ఇనిపిస్త. గంతే."

అతను అడిగింది ఉద్యోగం కాదు. కంపెనీ మీద నేను సాక్ష్యం చెప్పాలని కూడా కాదు, అది అయిపోయిందని అతనికి తెలుసు. ఊళ్ళో ఒక ముసలావిడ ముందు కూర్చోవడానికి ఒక కాగితం. బస్సు టైమైంది మేస్త్రీ, మధ్యాహ్నానికి రాసి పంపిస్తాను అన్నాను. మరిచిపోకుండ్రి సారూ అన్నాడు.

మధ్యాహ్నం దాకా తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా చేతిరాత ఎవరి చేతిలోనైనా పడితే, దొర దాకా వస్తే, అని ఆలోచించాను. జగిత్యాల పక్క పల్లెలో ఒక ముసలావిడకు చదివి వినిపించే కాగితం దోహా దాకా ఎలా వస్తుందో నన్ను అడగకండి. మూడు గంటలకు ఎయిర్‌పోర్టుకు వెళ్ళే పికప్ మా ఆఫీసు ముందు ఆగింది. కిటికీ అద్దంలోంచి గంగారాం కనిపించాడు. కొత్త చొక్కా తొడుక్కుని, గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సెక్యూరిటీ వచ్చి, మీకోసం ఎవరో వచ్చారన్నాడు. మీటింగులో ఉన్నానని చెప్పమన్నాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. గంగారాం ఎక్కాడు.

దొర మరో రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోయాడు. వీడ్కోలు సభలో అందరూ ఆ శుక్రవారం నడక గురించే మాట్లాడారు. నేను మరో తొమ్మిదేళ్ళు ఉండి, ఇల్లు కట్టుకునేంత సంపాదించి వచ్చాను. గంగారాం ఉన్నాడో లేడో తెలియదు. ఆ అత్త ఈపాటికి ఉండదు. జగిత్యాలకు ఇక్కడ్నుంచి ఒక రాత్రి ప్రయాణం. వచ్చిన ఇన్నేళ్ళలో నేను పోలేదు. ఇప్పుడు రాసి ఎవరికి చదివి వినిపించాలో కూడా తెలియదు. అయినా అతను అడిగిన కాగితంలో ఉండాల్సింది ఇంతే.

గురువారం మధ్యాహ్నం జాకీలు తీయమన్నది దొర. వద్దని గంగారాం చెప్పాడు. తీసెయ్ అని అతనికి తెలుగులో చెప్పింది నేను.